టెస్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇన్సులేషన్ దెబ్బతింటే: ట్రిప్ అయిన క్షణం నుంచి మళ్లీ చార్జ్ చేసే వరకు

కేబుళ్ల లాంటి వస్తువుల ఇన్సులేషన్ ఎంత వోల్టేజీ తట్టుకుంటుందో చూడటానికి హై వోల్టేజీ పుట్టించేదే టెస్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్. దాని మీద టెస్ట్ వోల్టేజీ మెల్లగా ఎక్కుతోంది. 38 కేవీ (కిలోవోల్టుల) దగ్గర ట్యాంకు లోపల్నుంచి 'టప్' మని ఒక మొద్దు శబ్దం. ప్యానెల్ ట్రిప్. ఆ క్షణంలో దాదాపు ప్రతి ఒక్కరి చెయ్యీ రీసెట్ బటన్ మీదికే పోతుంది. "ఇంకొక్కసారి ఎక్కించి చూద్దాం, ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది" అనిపిస్తుంది. ఈ మార్గదర్శిలో మీకు ఒక్క మాటే గుర్తుండేటట్లయితే అది ఇదే కావాలని నా కోరిక: ఆ బటన్ నొక్కకండి.

మొదటి బ్రేక్‌డౌన్‌లో కాగితం మీద సూది బెజ్జమంత మచ్చ పడుతుంది. రెండోసారి ఎక్కిస్తే ఆ మచ్చ చుట్టూ బొగ్గు పేరుకుంటుంది. మూడోసారికి పక్క లేయర్లు కూడా కాలతాయి. చిన్న మరమ్మతుతో పోయేది పూర్తి రీవైండింగ్ దాకా వెళ్లేది ఎక్కువగా ఇలాగే. పైగా కారణం చూపించే ఆనవాళ్లు కూడా కాలిపోతాయి. కారణం తెలియకుండా కొత్త వైండింగ్ వేస్తే, అదే కారణం కొత్త వైండింగ్‌నూ తినేస్తుంది.

ముందు ఈ యంత్రం స్వభావం అర్థం చేసుకోవాలి

పవర్ ట్రాన్స్‌ఫార్మర్ గురించి చదువుకున్నవన్నీ ఇక్కడ ఉన్నవున్నట్టు వర్తించవు. 50 కేవీ, 10 కేవీఏ (కిలోవోల్ట్-ఆంపియర్‌ల సామర్థ్యం ఉన్న) టెస్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. దాని హెచ్‌వీ (హై వోల్టేజీ) వైపు రేటెడ్ కరెంటు 0.2 ఆంపియర్ మాత్రమే. అందుకే లోపల తీగ చాలా సన్నం, చుట్లు వేలల్లో. లేయర్ల మధ్య క్రాఫ్ట్ కాగితం, కోర్‌కూ వైండింగ్‌కూ మధ్య ప్రెస్‌బోర్డ్ గొట్టాలు, మొత్తం ఆయిల్‌లో మునిగి ఉంటుంది. హెచ్‌వీ వైండింగ్ ఒక చివర బుషింగ్‌లోంచి (తీగను ట్యాంకుకు తగలకుండా బయటికి తెచ్చే ఇన్సులేటర్) పైకి వస్తుంది, రెండో చివర ఎర్త్‌కు వెళుతుంది. ఆ ఎర్త్ చివరకు ఇన్సులేషన్ చాలా తక్కువగా పెడతారు, ఎందుకంటే అక్కడ వోల్టేజీయే ఉండకూడదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీని వల్ల జరిగే ప్రమాదం ఒకటి కింద చెబుతాను.

రెండో తేడా ఇంకా ముఖ్యమైనది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు తన టెర్మినల్ దగ్గర షార్ట్ సర్క్యూట్ ఎప్పుడో అరుదుగా వస్తుంది. టెస్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌కు అది రోజువారీ పని. పరీక్షకు పెట్టిన వస్తువు ఫ్లాష్ అయిన (ఇన్సులేషన్ తట్టుకోలేక మెరుపు దూకిన) ప్రతిసారీ హెచ్‌వీ టెర్మినల్ దగ్గర వోల్టేజీ మైక్రోసెకనులోపే కుప్పకూలుతుంది. అంత వేగంలో వోల్టేజీ చుట్ల లెక్కన సమానంగా పంచుకోదు. వైండింగ్‌లోని కెపాసిటెన్స్‌ల లెక్కన పంచుకుంటుంది, దాంతో బుషింగ్‌కు దగ్గరగా ఉన్న మొదటి కొన్ని లేయర్ల మీదే భారమంతా పడుతుంది. మామూలు 50 హెర్ట్‌జ్ దగ్గర రెండు లేయర్ల మధ్య ఉండాల్సిన వోల్టేజీకి ఎన్నో రెట్లు ఆ ఒక్క క్షణం అక్కడ ఉంటుంది. కాగితం ఒక్కసారికి తట్టుకుంటుంది, వందసార్లకు తట్టుకుంటుంది. ఎక్కడో ఒక రోజు తట్టుకోదు. పాడైన యూనిట్ విప్పితే మచ్చ హెచ్‌వీ లీడ్ బయటికొచ్చే చోట లేదా పై లేయర్ల అంచుల దగ్గర కనిపించడానికి తరచూ కారణం ఇదే.

1. ఆపండి, డిశ్చార్జ్ చేయండి, రాసుకోండి

వోల్టేజీ రెగ్యులేటర్‌ను సున్నాకు తెచ్చి, మెయిన్ స్విచ్ ఆపి తాళం వేయండి. డిశ్చార్జ్ రాడ్ ఎర్త్ వైర్‌ను ముందు ఎర్త్‌కు బిగించి, తర్వాతే రాడ్ కొనను హెచ్‌వీ టెర్మినల్‌కు తాకించండి. తాకించిన రాడ్‌ను అక్కడే వేలాడనివ్వండి. ఏసీ టెస్ట్ కదా, చార్జ్ ఎందుకు మిగులుతుంది అనుకోవద్దు. కేబుల్ లాంటి కెపాసిటివ్ లోడ్ మీద ట్రిప్ అయితే, సరిగ్గా వోల్టేజీ శిఖరం దగ్గర సర్క్యూట్ తెగి ఉంటే, ప్రాణం తీసేంత చార్జ్ మిగిలిపోవచ్చు. ఈ పని ఒక్కరే ఉన్నప్పుడు చేయకండి.

తర్వాత కాగితం పట్టుకోండి. ఎంత వోల్టేజీ దగ్గర ట్రిప్ అయింది, ఎక్కించేటప్పుడా నిలిపి ఉంచినప్పుడా, నిలిపితే ఎన్నో సెకనులో, అంతకుముందు మిల్లీఆంపియర్ ముల్లు కదిలిందా, లోడ్ ఏమిటి, గది ఉష్ణోగ్రత, తేమ ఎంత, శబ్దం ఎటు నుంచి వచ్చింది, వాసన వచ్చిందా. పది నిమిషాలు గడిస్తే అక్కడున్న ముగ్గురూ మూడు రకాలుగా చెబుతారు. అందుకే వెంటనే, అక్కడే రాయాలి.

2. తప్పు లోపలా, బయటా?

ట్యాంకు విప్పే ముందు తేలాల్సిన ప్రశ్న ఇది. ట్రిప్ అయిందంటే ట్రాన్స్‌ఫార్మర్ పోయిందని అర్థం కాదు.

ముందుగా హెచ్‌వీ వైపు ఉన్నదంతా విడదీయండి: పరీక్ష వస్తువు, లీడ్, డివైడర్ (హై వోల్టేజీని కొలవడానికి వీలుగా చిన్నదిగా విడగొట్టేది), సిరీస్ రెసిస్టర్. పరీక్ష వస్తువుపై కాలిన గీత ఉందేమో వెతకండి. లీడ్ పొడవునా కళ్లు పెట్టి చూడండి, తెగిన ఒక్క పోగు బయటికి పొడుచుకొచ్చినా అక్కడ్నుంచి కరోనా (మొన చుట్టూ గాలిలో జరిగే డిశ్చార్జ్) మొదలవుతుంది. బుషింగ్ పోర్సలీన్ మీద దుమ్ము, చెమ్మ, గోధుమ రంగు చారలు ఉన్నాయా చూడండి. పీచు ఊడని పొడి గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి.

శబ్దం కూడా చాలా చెబుతుంది. గాలిలో ఫ్లాష్ అయితే కొరడా ఝళిపించినట్టు పదునైన చప్పుడు, మెరుపు, ఆ వెంటనే ఓజోన్ ఘాటు. ఆయిల్ లోపల అయితే మెరుపు కనిపించదు, గుద్దినట్టు మొద్దుగా వినిపిస్తుంది.

ఇక ఎర్త్ చివర సంగతి. చాలా ప్యానెళ్లలో లీకేజీ కరెంటు చూపించే మిల్లీఆంపియర్ మీటర్‌ను హెచ్‌వీ వైండింగ్ ఎర్త్ చివరకూ అసలు ఎర్త్‌కూ మధ్య కలుపుతారు. ఆ దారి ఎక్కడైనా తెగితే ఎర్త్ చివర గాల్లో వేలాడుతుంది, దాని వోల్టేజీ పైకి లేస్తుంది, కొద్దిపాటి ఇన్సులేషన్ ఉన్న ఆ చిన్న బుషింగ్ ట్యాంకుకు ఫ్లాష్ అవుతుంది. ఒకసారి 100 కేవీ యూనిట్ ఒకటి "వైండింగ్ పోయింది, రీవైండింగ్‌కు పంపుతున్నాం" అన్న దశలో నేను చూడటం జరిగింది. ట్యాంకు పక్కన ఎర్త్ చివర లగ్ (తీగ కొసకు ఉండే లోహపు బిళ్ల) గట్టిగానే బిగించి ఉంది, లాగితే కదల్లేదు. నట్ విప్పి వాషర్‌ను గోటితో పక్కకు జరిపితే కింద లోహం లేదు, పెయింట్ ఉంది. కొత్తగా రంగు వేసినప్పుడు ఆ చోటు గీకకుండానే లగ్ బిగించేశారు. వాషర్ అంచున చిటికెన వేలి గోరంత నల్లటి మసి వలయం, పక్కనున్న చిన్న బుషింగ్ మీద సన్నటి బొగ్గు గీత. పెయింట్ గీకి, బుషింగ్ మార్చి, కింద చెప్పే కొలతలన్నీ తీశాం. వైండింగ్‌కు ఏమీ కాలేదు. అప్పటి నుంచి నేను ముందుగా చూసేది ఆ లగ్‌నే. మల్టీమీటర్‌తో ఎర్త్ చివర నుంచి ప్రధాన ఎర్త్ వరకు కంటిన్యుటీ చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. మిల్లీఆంపియర్ మీటర్‌కు సమాంతరంగా రక్షణ గ్యాప్ లేదా సర్జ్ అరెస్టర్ ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. లేకపోతే పెట్టించండి.

3. తక్కువ శక్తి పరీక్షల నుంచి మొదలుపెట్టండి

బయట తప్పు దొరకలేదంటే లోపలికి వెళ్లాలి, కానీ ఇంకా హై వోల్టేజీ ఇవ్వకుండానే. దెబ్బతిన్న చోటికి శక్తి పోయని పరీక్షలు ముందు, పోసేవి చివర. ఈ వరస తప్పకండి.

వైండింగ్ రెసిస్టెన్స్. రెండు వైపులా కొలిచి, ఉష్ణోగ్రత సవరించి పాత విలువతో పోల్చండి. హెచ్‌వీ వైపు సన్నటి తీగ తెగిందా అన్నది ఇక్కడే తేలుతుంది. కొన్ని చుట్లు షార్ట్ అయితే మాత్రం ఇందులో సాధారణంగా తెలియదు. వేల చుట్లలో పది పోతే తేడా ఎంతని?

నిష్పత్తి. 50 కేవీ / 230 వోల్టుల యూనిట్ నిష్పత్తి సుమారు 217. హెచ్‌వీ వైండింగ్‌కు 230 వోల్టులు ఇచ్చి ఎల్‌వీ (లో వోల్టేజీ) వైపు కొలిస్తే 1.06 వోల్టుల దగ్గర రావాలి. ఇలా తలకిందులుగా కొలవడంలో పెద్ద సుఖం ఏమిటంటే ఎక్కడా కిలోవోల్టులు పుట్టవు. ఎర్త్ చివర ఎర్త్‌లోనే ఉంచండి, ఫేజ్ హెచ్‌వీ టెర్మినల్‌కు వెళ్లాలి. టర్న్స్ రేషియో మీటర్ ఉంటే ఇంకా మంచిది. నేమ్‌ప్లేట్ నిష్పత్తికి 0.5 శాతం మించి తేడా వస్తే అనుమానించాల్సిందే.

నో-లోడ్ కరెంటు. నా లెక్కలో ఇది ఈ యంత్రానికి అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష. హెచ్‌వీ వైపు ఏమీ కలపకుండా, ఎర్త్ చివర ఎర్త్‌లో ఉంచి, వేరియాక్‌తో (వోల్టేజీని సున్నా నుంచి సర్దుబాటు చేసే ట్రాన్స్‌ఫార్మర్) ఎల్‌వీ వైపు రేటెడ్ వోల్టేజీలో 2 శాతం, 5 శాతం, 10 శాతం ఇస్తూ కరెంటు రాసుకోండి. ఒక్క చుట్టు షార్ట్ అయినా అది కోర్ చుట్టూ కట్టిన మూసిన ఉంగరంలా పనిచేస్తుంది, ఆ ఉంగరంలో తిరిగే కరెంటుకు లెక్క ఎల్‌వీ వైపు నుంచే రావాలి. బాగున్న యూనిట్‌లో 5 శాతం దగ్గర అమ్మీటర్ ముల్లు కదిలీ కదలనట్టు ఉంటుంది. షార్ట్ ఉన్న యూనిట్‌లో అదే 5 శాతం దగ్గర ముల్లు పైకి లేస్తుంది, వేరియాక్ కూడా బరువుగా మూలుగుతుంది. పాత రీడింగ్ లేకపోతే అదే తయారీ, అదే రేటింగ్ ఉన్న ఇంకో యూనిట్‌తో పోల్చండి. ఒక హెచ్చరిక: 10 శాతం అంటే పైన 5 కేవీ ఉంది. కంచె మూసే ఈ పరీక్ష చేయాలి.

మెగ్గర్, అంటే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటర్. దీని మీద అందరికీ నమ్మకం ఎక్కువ, అందుకే ఇది ఏం చెప్పదో ముందు చెబుతాను. చుట్టుకూ చుట్టుకూ మధ్య, లేయర్‌కూ లేయర్‌కూ మధ్య ఏం జరిగిందో మెగ్గర్‌కు కనిపించదు, ఎందుకంటే అవన్నీ ఒకే తీగ. 5,000 మెగ్ఓమ్‌లు చూపిస్తున్న వైండింగ్ లోపల పది చుట్లు కలిసిపోయి ఉండొచ్చు. మెగ్గర్ చెప్పేది వైండింగ్‌కూ ట్యాంకుకూ, హెచ్‌వీకీ ఎల్‌వీకీ మధ్య సంగతి మాత్రమే.

ఎర్త్ లింక్ తీసి హెచ్‌వీకి, ఎల్‌వీ-ట్యాంకు కలిపినదానికి మధ్య కొలవండి. ఇక్కడ 5 కేవీ మెగ్గర్ ఉంది కదా అని 5 కేవీ ఇచ్చేయకూడదు. హెచ్‌వీ వైండింగ్ మొత్తం ఇప్పుడు ఒకే వోల్టేజీలో ఉంటుంది, ఎర్త్ చివర చిన్న బుషింగ్ కూడా అంతే భరించాలి. దానికి తయారీదారు ఇచ్చిన పరిమితి చూసుకోండి, తెలియకపోతే 1 కేవీతో ఆపండి. ఎల్‌వీకి 500 వోల్టులు చాలు. బుషింగ్ ఉపరితలం మీది లీకేజీని తప్పించడానికి గార్డ్ టెర్మినల్ వాడండి. 15 సెకన్లు, 1 నిమిషం, 10 నిమిషాల రీడింగులు మూడూ రాయండి. ఉష్ణోగ్రత తప్పకుండా రాయాలి, ఎందుకంటే ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు ఇన్సులేషన్ రెసిస్టెన్స్ దాదాపు సగమవుతుంది. చల్లటి ఉదయం 2,000 మెగ్ఓమ్‌లు, మధ్యాహ్నం 1,000 వస్తే కంగారు అక్కర్లేదు.

టాన్ డెల్టా (ఇన్సులేషన్‌లో వృథా అయ్యే శక్తి కొలత) సౌకర్యం ఉంటే అదీ తీయండి. 20 డిగ్రీల దగ్గర 0.5 శాతం లోపు ఉంటే ఆయిల్-కాగితం ఇన్సులేషన్ ఆరోగ్యంగా ఉన్నట్టు, 1 శాతం దాటితే తేమ లేదా కాలుష్యం ఉన్నట్టు అనుమానించండి. వోల్టేజీ పెంచేకొద్దీ విలువ కూడా పెరుగుతుంటే లోపల ఎక్కడో ఖాళీల్లో డిశ్చార్జ్ జరుగుతోందన్న సూచన.

4. ఆయిల్‌ను అడగండి

కింది వాల్వ్ నుంచి మొదట కొంత ఆయిల్ వదిలేసి, తర్వాత శుభ్రమైన పొడి గాజు సీసాలో నమూనా పట్టండి. వాన పడుతున్నప్పుడు, గాలిలో తేమ బాగా ఉన్నప్పుడు పట్టకండి. గ్యాస్ పరీక్షకు సీసా పనికిరాదు, గాలి చొరని సిరంజి కావాలి.

బీడీవీ పరీక్ష (ఆయిల్ ఏ వోల్టేజీ దగ్గర బ్రేక్‌డౌన్ అవుతుందో చూసేది) అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60156 ప్రకారం చేస్తారు: ఎలక్ట్రోడ్‌ల మధ్య 2.5 మి.మీ., సెకనుకు 2 కేవీ చొప్పున పెంచుతూ ఆరు బ్రేక్‌డౌన్‌లు, వాటి సగటు. కొత్త ఆయిల్ శుద్ధి చేయకముందు కనీసం 30 కేవీ, శుద్ధి చేశాక కనీసం 70 కేవీ ఇవ్వాలి. సగటు ఒక్కటే చూసి వదిలేయకండి, ఆరు రీడింగులూ చూడండి. 62, 27, 58, 31 అంటూ పడిలేస్తుంటే ఆయిల్‌లో పీచు, రేణువులు తేలుతున్నాయని, అన్నీ ఒకే తీరుగా 28, 30, 27 ఉంటే నీరు చేరిందని నేను మొదట అనుమానిస్తాను. అనుమానం తేల్చడానికి కార్ల్ ఫిషర్ పద్ధతిలో నీటి శాతం, విడిగా రేణువుల లెక్క చూడాలి.

ఒక మెలిక ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉండే నీటిలో చాలా పెద్ద వాటా కాగితంలోనే దాక్కుంటుంది, ఆయిల్‌లో కనిపించేది కొద్దిగానే. వేడెక్కితే కాగితం నీటిని ఆయిల్‌లోకి వదులుతుంది, చల్లబడితే నెమ్మదిగా మళ్లీ తాగేస్తుంది. టెస్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్ రోజంతా పనిచేయదు. ఎక్కువ కాలం చల్లగానే పడి ఉంటుంది, అందుకే ఆయిల్ రిపోర్టు బాగున్నట్టే కనిపిస్తుంది. ఆయిల్ మాత్రం మార్చేసి "కొత్తదైపోయింది" అనుకోవడం వల్ల నష్టపోయిన యూనిట్లు చాలా ఉన్నాయి. కాగితం తడిగానే ఉంటుంది, కొన్ని నెలల్లో కొత్త ఆయిల్ కూడా పాతదానిలాగే అవుతుంది.

కరిగిన వాయువుల విశ్లేషణలో హైడ్రోజన్ ప్రధానంగా ఉంటే పార్షియల్ డిశ్చార్జ్ (ఇన్సులేషన్ పూర్తిగా తెగకుండా కొంత భాగంలోనే జరిగే డిశ్చార్జ్), ఎసిటిలీన్ ఉంటే ఆర్క్, ఎథిలీన్ ఎక్కువైతే ఆయిల్ బాగా వేడెక్కిందని, కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే కాగితం దెబ్బతింటోందని గుర్తు. అయితే వేల లీటర్ల పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు రాసిన పరిమితుల పట్టికలను కొద్ది లీటర్ల టెస్టింగ్ యూనిట్‌కు అలాగే అంటించవద్దు. ఆయిల్ తక్కువ కాబట్టి ఒక్క చిన్న ఆర్క్‌కే పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) అంకె భయపెట్టేంత పైకి పోతుంది. ఏ వాయువు, ఏ వాయువుతో పోలిస్తే ఎంత అన్నది చూడండి. చాలా పాత యూనిట్ అయితే ఆయిల్‌లో పీసీబీ అనే రసాయనం ఉందేమో ముందు తేల్చుకోండి, అది విషపూరితం.

5. లోడ్ లెక్క వేయండి: చాలామంది వదిలేసే మెట్టు

పై పరీక్షలు ఏం పోయిందో చెబుతాయి, ఎందుకు పోయిందో చెప్పవు. కారణాల్లో ఒకటి ప్యానెల్ మీటర్‌కు అసలు కనిపించదు, అందుకే దీని మీద కాస్త ఆగుదాం.

11 కేవీ తరగతి కేబుల్ 100 మీటర్లు పరీక్షిస్తున్నారనుకుందాం. కెపాసిటెన్స్ కిలోమీటరుకు 0.3 మైక్రోఫారడ్ అనుకుంటే 100 మీటర్లకు 30 నానోఫారడ్‌లు. 22 కేవీ, 50 హెర్ట్‌జ్ దగ్గర కరెంటు 0.207 ఆంపియర్. మన 50 కేవీ, 10 కేవీఏ యూనిట్ హెచ్‌వీ రేటింగ్ 0.2. "వోల్టేజీ సగం కూడా లేదు కదా" అనిపిస్తుంది, కానీ కరెంటు అప్పటికే నిండిపోయింది.

అసలు దెబ్బ దీని తర్వాత ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్స్ (కరెంటుకు లోపలి అడ్డు) 8 శాతం అనుకుంటే, హెచ్‌వీ వైపు నుంచి చూస్తే అది 20 కిలోఓమ్‌లు. కేబుల్ రియాక్టెన్స్ 106 కిలోఓమ్‌లు. ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ ఒకదానికొకటి ఎదురు కాబట్టి తీసివేత జరుగుతుంది, 86 కిలోఓమ్‌లు మిగులుతాయి. ప్యానెల్‌లోని వోల్ట్‌మీటర్ ఎల్‌వీ వైపు కొలిచి నిష్పత్తితో హెచ్చించి 22 కేవీ అని చూపిస్తుంటే, పైన నిజంగా ఉన్నది 22 × 106 ÷ 86, అంటే సుమారు 27 కేవీ. మీటర్ చూపించని 5 కేవీ! కరెంటు కూడా సుమారు 0.26 ఆంపియర్‌కు పోతుంది. కేబుల్ మీదా, వైండింగ్ మీదా ఆ భారం పడుతుంది, ఎవరికీ తెలియదు.

అందుకని కెపాసిటివ్ లోడ్ ఉన్నప్పుడు హెచ్‌వీ వైపే డివైడర్ పెట్టి కొలవాలి, ఎల్‌వీ మీటర్‌ను నమ్మకూడదు. ఇన్సులేషన్‌ను చీల్చేది శిఖర విలువ కాబట్టి డివైడర్ మీటర్ శిఖర విలువను రూట్ 2తో భాగించి చూపించేది అయితే మంచిది. యూనిట్ పాడైన రోజు లోడ్ కెపాసిటెన్స్ ఎంతో కనుక్కుని ఈ లెక్క వేయండి. కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

6. పార్షియల్ డిశ్చార్జ్ కొలత

పై పరీక్షల్లో ఏదైనా తప్పిందంటే ఈ మెట్టు ఎక్కకండి, నేరుగా విప్పడానికి వెళ్లండి. అన్నీ పాసై అనుమానం మాత్రం మిగిలితేనే ఇది. ఐఈసీ 60270 ప్రకారం తెలిసిన చార్జ్‌తో సర్క్యూట్‌ను కాలిబ్రేట్ చేసి, డిశ్చార్జ్ లేని కప్లింగ్ కెపాసిటర్‌తో (పల్స్‌లను మీటర్‌కు చేరవేసేది), వోల్టేజీని చిన్న మెట్లలో పెంచండి. డిశ్చార్జ్ ఏ వోల్టేజీలో మొదలైంది, తగ్గించేటప్పుడు ఎక్కడ ఆగింది, రెండూ రాయండి. గాలిలో హెచ్‌వీ వైపు ముల్లులాంటి మొన మీది కరోనా అయితే పల్స్‌లు మొదట నెగటివ్ శిఖరం దగ్గర గుంపుగా వస్తాయి, అది బయటి సమస్య. ఇన్సులేషన్ లోపలి ఖాళీ అయితే రెండు అర్ధచక్రాల్లోనూ, శిఖరానికి ముందు వోల్టేజీ ఎక్కే భాగంలో వస్తాయి. వదులుగా తేలుతున్న లోహపు ముక్క అయితే పల్స్‌లన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి.

7. విప్పేటప్పుడు

లోపం లోపలే అని తేలాక విప్పండి. పొడిగా, దుమ్ము లేని చోట, వీలైనంత తక్కువ సేపు తెరిచి ఉంచాలి. తెరిచిన కాగితం గాలిలోని తేమను వెంటనే పీల్చడం మొదలుపెడుతుంది. ఏదీ తుడవకముందే ఫొటోలు తీయండి. ట్యాంకు అడుగున ఏం పేరుకుందో చూడండి, ఎక్కడి బొగ్గు ఎక్కడ పడిందో కూడా ఆనవాలే.

హెచ్‌వీ లీడ్ బయటికొచ్చే చోటు, లేయర్ల అంచులు, ప్రెస్‌బోర్డ్ గొట్టాల ఉపరితలం ఈ వరసలో చూడండి. ఒకే చోట శుభ్రంగా పడిన బెజ్జం, అదీ పై లేయర్లలో ఉంటే, వోల్టేజీ ఒక్కసారిగా కూలడం వల్ల వచ్చిన దెబ్బను అనుమానించండి. ప్రెస్‌బోర్డ్ మీద చెట్టు కొమ్మల్లా పాకిన నల్లటి గీతలుంటే ఉపరితలం వెంబడి చాలా కాలంగా నడుస్తున్న డిశ్చార్జ్ అది, తేమ, గాలి బుడగలు దానికి తోడ్పడతాయి. కాగితం విస్తారంగా గోధుమ రంగుకు తిరిగి, మడిస్తే పెళుసుగా విరుగుతుంటే వేడి. కొత్త కాగితం పాలిమరైజేషన్ డిగ్రీ (కాగితపు నార గొలుసుల పొడవు చెప్పే అంకె) 1,000 పైచిలుకు ఉంటుంది, అది 200కు పడిపోతే కాగితం పని అయిపోయినట్టే. షార్ట్-టైమ్ రేటింగ్ ఉన్న (కొద్దిసేపే నడపాల్సిన) యూనిట్‌ను విరామం లేకుండా నడిపితే జరిగేది ఇదే.

గాలి బుడగ గురించి ఒక మాట. ఆయిల్ పర్మిటివిటీ సుమారు 2.2, గాలిది 1. అందుకని బుడగలో విద్యుత్ క్షేత్రం చుట్టూ ఉన్న ఆయిల్‌లో కంటే ఎక్కువ ఉంటుంది, గాలి తట్టుకునే శక్తేమో ఆయిల్‌ది కంటే చాలా తక్కువ. వాహనంలో కుదుపులు తిన్న యూనిట్‌ను దించగానే చార్జ్ చేయడం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టే అర్థమవుతుంది.

డ్రై టైప్ (ఆయిల్ లేని రకం) అయితే రెసిన్‌లో పోత పోసిన కాయిల్ లోపల చీలికను అతికించే మార్గం లేదు, కాయిల్ మార్చాలి. ఎస్ఎఫ్6 వాయువును ఇన్సులేషన్‌గా వాడే యూనిట్‌లో ఆర్క్ జరిగితే ఆ వాయువు విరిగి విషపదార్థాలు ఏర్పడతాయి, దాన్ని శిక్షణ ఉన్నవారే తెరవాలి.

8. ఆరబెట్టడం, ఆయిల్ నింపడం

దెబ్బతిన్న భాగం మార్చాక వైండింగ్‌ను వేడి, వాక్యూమ్ రెండూ కలిపి ఆరబెట్టాలి. వేడి ఒక్కటే అయితే లోపలి పొరల్లోని తేమ రాదు. ఓవెన్ ఉష్ణోగ్రత 105 డిగ్రీలు దాటనివ్వకండి, తొందరపడి వేడి పెంచితే తేమతోపాటు కాగితం ఆయుష్షు కూడా పోతుంది. ఎన్ని గంటలు అని గడియారం చూసి ఆపకూడదు. మెగ్గర్ రీడింగ్ మొదట వేడికి పడిపోతుంది, తేమ పోయేకొద్దీ మళ్లీ పెరుగుతుంది, చివరికి ఒక చోట నిలకడగా ఉంటుంది. ఆ నిలకడ వచ్చాకే ఆపాలి.

శుద్ధి చేసిన ఆయిల్‌ను వాక్యూమ్ కిందే, ట్యాంకు అడుగు నుంచి నెమ్మదిగా నింపండి. ట్యాంకు వాక్యూమ్‌ను తట్టుకునేదేనా అని ముందు చూసుకోండి, చిన్న యూనిట్ల ట్యాంకులు కొన్ని లోపలికి నొక్కుకుపోతాయి. నింపాక కనీసం ఒక రోజు కదపకుండా వదిలేయండి.

9. మళ్లీ చార్జ్ చేసే ముందు

మూడో మెట్టులోని కొలతలన్నీ మళ్లీ తీయండి, ఇవి ఇకపై మీ కొత్త ప్రమాణం. తర్వాత ఇండ్యూస్డ్ వోల్టేజీ పరీక్ష, అంటే వైండింగ్‌లోనే రేటెడ్ కంటే ఎక్కువ వోల్టేజీ పుట్టించి చుట్ల మధ్య ఇన్సులేషన్‌ను పరీక్షించడం. రేటెడ్ ఫ్రీక్వెన్సీలోనే వోల్టేజీ పెంచితే కోర్ సాచురేట్ అవుతుంది కాబట్టి ఎక్కువ ఫ్రీక్వెన్సీ సప్లై కావాలి. రేటెడ్ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు వరకు అయితే 60 సెకన్లు. అంతకు మించితే 120ని రేటెడ్ ఫ్రీక్వెన్సీతో హెచ్చించి టెస్ట్ ఫ్రీక్వెన్సీతో భాగించాలి: 50 హెర్ట్‌జ్ యూనిట్‌ను 150 దగ్గర పరీక్షిస్తే 40 సెకన్లు. ఎంతైనా 15 సెకన్లకు తగ్గకూడదు. వైండింగ్ పాతదే ఉంటే మొదటి ఫ్యాక్టరీ పరీక్ష వోల్టేజీలో 80 శాతం దగ్గర ఆపడం సబబు.

ఆ తర్వాత లోడ్ లేకుండా రేటెడ్ వోల్టేజీలో పావు, సగం, ముప్పావు, పూర్తి చొప్పున ఎక్కిస్తూ, ప్రతి దగ్గరా కొన్ని నిమిషాలు ఆగి వినండి.

10. ఇక రోజూ చేయాల్సినవి

హెచ్‌వీ టెర్మినల్‌కూ పరీక్ష వస్తువుకూ మధ్య సిరీస్ రెసిస్టర్ ఎప్పుడూ ఉండాలి. ఫ్లాష్ అయినప్పుడు ఆ కుప్పకూలే అలను వైండింగ్ దాకా రాకుండా మెత్తబరిచేది అదే. "వోల్టేజీ కొంచెం పడిపోతోంది" అని దాన్ని తీసేసిన చోట్ల వైండింగ్‌లు త్వరగా పోవడం నేను చూశాను, అందుకే దీని విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

జీరో-స్టార్ట్ ఇంటర్‌లాక్‌ను (రెగ్యులేటర్ సున్నా దగ్గర లేకపోతే ఆన్ కానివ్వనిది) బైపాస్ చేయకండి. వోల్టేజీ టెస్ట్ విలువలో 75 శాతం దాటాక సెకనుకు ఆ విలువలో సుమారు 2 శాతం చొప్పున పెంచండి, అయిపోయాక రెగ్యులేటర్‌తో దించాకే స్విచ్ ఆపండి. పూర్తి వోల్టేజీలో ఉండగా బ్రేకర్ తెరిస్తే వచ్చే సర్జ్ కూడా ఆ పై లేయర్ల మీదే పడుతుంది. పరీక్ష వస్తువు ఎన్నిసార్లు ఫ్లాష్ అయిందో రిజిస్టర్‌లో లెక్క పెట్టండి.

బ్రీదర్‌లో (ట్యాంకులోకి వెళ్లే గాలిలోని తేమను పీల్చేది) సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి, లేదా కాషాయం నుంచి ఆకుపచ్చకు తిరిగిందంటే మార్చండి. నెలల తరబడి వాడని యూనిట్‌ను చార్జ్ చేసే ముందు బీడీవీ చూడండి.

కొత్త యూనిట్ అయినా, మరమ్మతు నుంచి వచ్చినదైనా, మొదటి రోజే నో-లోడ్ కరెంటును 2, 5, 10, 20, 50, 100 శాతం దగ్గర కొలిచి గ్రాఫ్ గీయండి. దాన్ని లామినేట్ చేసి ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించండి, కింద ఆ రోజు ఉష్ణోగ్రత, తేదీ వేయండి. ఈసారి 'టప్' మన్నప్పుడు తలుపు తీసి 5 శాతం దగ్గరి అంకెతో పోల్చి చూడటానికి అది అక్కడే ఉంటుంది.